వృత్తివిద్యకు ప్రభుత్వ సాయం: సీటుకు ముందే సిద్ధం కావలసిన కాగితాలు

(షోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూర్‌లో జూనీ మిల్లుగా వాడుకలో ఉన్న నూలు మిల్లు 1877లో ఆరంభమైంది. ఆ మిల్లుల కాలంలోను, తరువాతి చేమగ్గాల, మరమగ్గాల కాలంలోను తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు నగరపు తూర్పు భాగంలో పేటలు పేటలుగా స్థిరపడ్డాయి. తాతలు మగ్గం గుంటలోను, నాయనమ్మలు ఒడిలో బీడీల చేటతోను గడిపిన ఆయుష్షుల మీద నిలబడి నేడు మూడవ, నాలుగవ తరం పిల్లలు నర్సింగు, ఫార్మసీ, ఇంజినీరింగు, పాలిటెక్నిక్ చదువుల వైపు చూస్తున్నారు. ఆ చదువులకు గిరాకీ ఉన్నది. ఆసుపత్రులకు నర్సులు కావాలి, కర్మాగారాలకు డిప్లొమా చదివిన సిబ్బంది కావాలి. ఆ చదువులకు ప్రభుత్వ సాయమూ ఉన్నది. అయినా ప్రవేశాల కాలంలో కొన్ని ఇళ్లలో సీటు దొరికిన సంతోషం వారం తిరగకముందే అప్పుల వెదుకులాటగా మారుతుంది. హక్కుగా రావలసిన సాయం చేతికందని ఇళ్లు అవి. అవసరమైన కాగితం ఒకటి లేకపోవడమో, సీటును వేరే దారిన తీసుకోవడమో అక్కడ అడ్డుపడుతుంది. ఈ ప్రసంగం ప్రధానంగా ఆ రెండింటి గురించే.

మొదట సాయం ఎంతవరకో చూడాలి. 2024 జులై 8న మహారాష్ట్ర ఉన్నత, సాంకేతిక విద్యాశాఖ ఒక ప్రభుత్వ నిర్ణయాన్ని వెలువరించింది. ఆర్థికంగా వెనుకబడిన వర్గానికి, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గానికి, ఇతర వెనుకబడిన వర్గాలకు చెందిన బాలికలు వృత్తివిద్యలో చేరినప్పుడు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు మించకుంటే, బోధన రుసుము, పరీక్ష రుసుము నూటికి నూరు పాళ్లు ప్రభుత్వమే భరిస్తుంది. అంతకుముందు వారికి సగమే లభించేది. 2024-25 విద్యాసంవత్సరం నుండి ఇది అమలులోకి వచ్చింది. అప్పటికే పై సంవత్సరాలలో చదువుతున్న బాలికలకూ వర్తించింది. ప్రభుత్వ కళాశాలలతో పాటు ప్రైవేటు కళాశాలలు ఇందులో చేరి ఉన్నాయి; ప్రైవేటు అభిమత విశ్వవిద్యాలయాలు, స్వయం ఆర్థిక విశ్వవిద్యాలయాలు చేరలేదు. పెద్ద పెద్ద ప్రకటనలతో ఊరూరా కనబడే విశ్వవిద్యాలయాలలో కొన్ని ఈ రెండవ కోవకు చెందినవే కనుక పేరు చూసి మురిసిపోవడానికి ముందు ఆ సంగతి అడగాలి.

షెడ్యూల్డు కులాలు, తెగలు, విముక్త జాతులు, సంచార తెగలు, విశేష మాగాస్ ప్రవర్గం వారికి పూర్తి రుసుము రాయితీ అంతకుముందు నుండే ఉన్నది. అందువల్ల 2024 నాటి నిర్ణయంలో ఆ పేర్లు కనబడవు. పద్మశాలీలు మహారాష్ట్రలో విశేష మాగాస్ ప్రవర్గం, అంటే ఎస్‌బీసీ కింద వస్తారు. కొత్త నిర్ణయంలో తమ వర్గం పేరు లేదని వారు వెనుదిరగవలసిన పని లేదు. ఎస్‌బీసీలో బాలురకు సైతం పూర్తి రుసుము దొరుకుతుంది. ఓబీసీ బాలురకు మాత్రం సగమే. ఒకే వీధిలో, ఒకే మరమగ్గాల షెడ్డులో పనిచేసే ఇద్దరు తండ్రులకు ఈ లెక్క వేరు వేరుగా ఉండవచ్చు. పక్కింటివారికి ఇంత వచ్చిందన్న మాటను ఆధారం చేసుకోరాదు.

దరఖాస్తు చదివేటప్పుడు తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. మరాఠీ, తెలుగు రెండూ సంస్కృత పదాలను సొంతం చేసుకున్నాయి గాని, అర్థాలను ఎవరి దారిన వారు పంచుకున్నారు. మరాఠీలో ‘వ్యావసాయిక్’ అంటే వృత్తికి సంబంధించినది. తెలుగు చెవికి అది సేద్యపు చదువులా వినబడుతుంది. మరాఠీ ‘పదవీ’ కళాశాల పట్టా. తెలుగులో పదవి అంటే అధికార స్థానం. ‘పదవికా’ డిప్లొమా. ‘శిష్యవృత్తి’ అంటే ఉపకారవేతనం. ‘వ్యావసాయిక్ పదవీ’ అన్న గడి ఎదురైనప్పుడు వ్యవసాయమూ కాదు, ఉద్యోగమూ కాదు, ఇంజినీరింగు, ఫార్మసీ వంటి డిగ్రీ అని గ్రహిస్తే సగం కంగారు తీరుతుంది. తెలియని మాట దగ్గర ఊహించి గడి నింపడం కన్న, ఖాళీగా ఉంచి అడిగి నింపడం మేలు.

రుసుము మాఫీ అయితే చదువు ఉచితమన్నట్టు ప్రచారం జరుగుతున్నది. అది నిజం కాదు. కళాశాల ఇచ్చే రుసుముల పట్టీలో బోధన రుసుము పక్కనే అభివృద్ధి రుసుము వంటి పద్దులుంటాయి. అవి కుటుంబమే కట్టవలసి రావచ్చు. వసతి గృహం, భోజనం, బస్సు, పుస్తకాలు, నర్సింగు విద్యార్థినికి యూనిఫారం, ఇంజినీరింగు విద్యార్థికి కంప్యూటరు, ఇవేవీ ఈ రాయితీలో లేవు. షోలాపూర్‌లో ఇంట ఉండి ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు వెళ్లే పిల్లకూ, పుణె వెళ్లి గది అద్దెకు తీసుకుని చదివే పిల్లకూ రుసుము సమానంగా మాఫీ అయినా ఇంటి మీద పడే భారం సమానం కాదు. సీటు ఎంచుకునే రోజున కళాశాల పేరుతో పాటు ఈ లెక్క కూడ కాగితం మీద వేసుకోవాలి.

బయటి ఊరిలో చదివే ఓబీసీ, విముక్త జాతి, సంచార తెగ, ఎస్‌బీసీ విద్యార్థులకు వసతి ఖర్చుల కోసం ‘జ్ఞానజ్యోతి సావిత్రీబాయి ఫులే ఆధార్ యోజన’ ఉన్నది. ఇక్కడ ఆధార్ అంటే కార్డు కాదు, ఆసరా. ప్రభుత్వ వసతి గృహంలో చోటు దొరకని విద్యార్థికి ముంబయి, పుణె, నాగపూర్ వంటి మహానగరాలలో ఏడాదికి 60,000 రూపాయలు, ఇతర నగరపాలక సంస్థల ఊళ్లలో 51,000 రూపాయలు, జిల్లా కేంద్రాలలో 43,000 రూపాయల చొప్పున ఇందులో నిర్ణయించారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఇదే ధోరణిలో డాక్టర్ బాబాసాహెబ్ ఆంబేడ్కర్ స్వాధార్ యోజన ఉన్నది. రెండింటిలోను విద్యార్థి తన సొంత ఊరిలో కాక వేరే ఊరిలో చదువుతూ ఉండాలి. ఆదాయ పరిమితి ఇక్కడ రుసుము రాయితీలో ఉన్నదానికన్న చాలా తక్కువ, రెండున్నర లక్షలు. మరమగ్గం కార్మికుడి ఇంటికి అది అడ్డు కాకపోవచ్చు. సంఖ్య పరిమితమైన పథకం కనుక మార్కులు, దరఖాస్తు చేసిన వేళ రెండూ లెక్కకు వస్తాయి.

ఇక సీటు తీసుకునే దారి. పన్నెండవ తరగతి ఫలితాలు వచ్చిన వెంటనే కొందరు మధ్యవర్తులు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. “సీటు ఖాయం, ముందుగా కొంత కట్టండి, మిగతాది స్కాలర్‌షిప్‌లో సర్దుబాటవుతుంది” అంటారు. ఆ మాటలో చివరి భాగం అబద్ధం. రుసుము రాయితీ కేంద్రీకృత ప్రవేశ ప్రక్రియ ద్వారా, అంటే క్యాప్ రౌండుల ద్వారా వచ్చిన సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంటు కోటాలో, సంస్థ స్థాయిలో తీసుకున్న సీటుకు వర్తించదు. అదే కళాశాల, అదే బెంచీ, అదే పుస్తకం. ఒక పిల్ల రుసుము ప్రభుత్వం కడుతుంది, పక్కన కూర్చున్న పిల్ల తండ్రి నాలుగేళ్లు వడ్డీ కడతాడు. మొదటి రౌండులో కోరిన కళాశాల రాకపోతే ధైర్యం చెడి మధ్యవర్తి చేతిలో బయానా పెట్టేవారే ఎక్కువగా నష్టపోతారు. రెండవ, మూడవ రౌండులు ఉన్నాయి. కొంచెం తక్కువ పేరున్న కళాశాలలో క్యాప్ సీటు, మేనేజ్‌మెంటు కోటాలో దొరికే పేరున్న సీటు కన్న చాలా కుటుంబాలకు క్షేమం.

క్యాప్‌లో సీటు వచ్చిన అర్హురాలైన బాలిక దగ్గర మాఫీ అయిన మొత్తాన్ని ప్రవేశ సమయంలో కట్టించుకోరాదని ప్రభుత్వం కళాశాలలకు చెప్పింది. ఎక్కడైనా ముందుగా కట్టమని అడిగితే కనీసం ఏ పద్దు కింద కట్టించుకుంటున్నారో రసీదు మీద రాయించుకోవాలి. రసీదు లేని చెల్లింపు తరువాత ఏ ఫిర్యాదుకూ పనికిరాదు.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం, కాగితాలు. ఆదాయ ధ్రువపత్రం, డొమిసైల్, నాన్ క్రీమీ లేయర్ పత్రాలు రెవెన్యూ కార్యాలయాల నుండి వస్తాయి. సేతు కేంద్రంలోనో, ఆపలే సర్కార్ కేంద్రంలోనో దరఖాస్తు ఇస్తే కొద్ది వారాలలో తెమిలే పనులివి. ఒక్క జాగ్రత్త: కుంభారిలోని రే నగర్‌కు మారిన కుటుంబాలు ఇప్పుడు దక్షిణ షోలాపూర్ తాలూకాలో ఉన్నాయి; పాత చిరునామాతో రేషన్ కార్డు, కొత్త చిరునామాతో ఆధార్ ఉంటే ముందు ఆ రెండూ ఒకటి చేయించుకోవాలి. వీటన్నిటికీ కలిపి పెట్టవలసినంత శ్రద్ధ కులధ్రువపత్రం, దాని వైధతాపత్రం రెండింటికే పెట్టవలసి ఉంటుంది. అందరూ ‘వ్యాలిడిటీ’ అని పిలిచేది ఈ రెండవదాన్నే.

మహారాష్ట్రలో కులధ్రువపత్రం పొందడానికి ఆ కుటుంబం ఒక నిర్దిష్ట తేదీ నాటికే ఈ రాష్ట్రంలో నివసిస్తున్నట్టు చూపాలి. షెడ్యూల్డు కులాలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10. విముక్త జాతులకు, సంచార తెగలకు 1961 నవంబరు 21. ఇతర వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబరు 13. వలస వచ్చిన సమాజానికి ఈ నియమం ఎంత పదునైనదో వేరే చెప్పనవసరం లేదు. 2007లో షోలాపూర్‌లోనే పుట్టి, ఇక్కడే మరాఠీలో చదివి, మార్కండేయ రథోత్సవం తప్ప వేరే ఊరి జాతర ఎరుగని పిల్ల, తాను పుట్టడానికి నలభై ఏళ్ల ముందు తన తాత ఏ పేటలో ఉన్నాడో రుజువు చేయాలి. నియమం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ వేదికకు మించినది. ఆ రుజువు చాలా ఇళ్లలో ఉన్నదనీ, అది ఎక్కడున్నదో ఎవరూ వెదకలేదనీ మాత్రం ఇక్కడ చెప్పవచ్చు.

వెదకవలసిన మొదటి చోటు బడి. తాత గాని, నాన్న గాని, పెదనాన్న, మేనత్తలలో ఎవరైనా గాని రెండవ తరగతి వరకైనా చదివి ఉంటే, ఆ పాఠశాల రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ, కులం నమోదై ఉంటాయి. దాని నకలును ‘ప్రవేశ్ నిర్గమ్ ఉతారా’ అంటారు. చదువు మధ్యలో మాని మిల్లులో చేరినవారి పేరు కూడ ఆ రిజిస్టరులో చెరిగిపోదు. బడి మూతపడితే రిజిస్టర్లు ఏ బడికి లేదా ఏ కార్యాలయానికి చేరాయో విద్యాశాఖలో విచారించాలి. బడి ముఖమే చూడని తాత విషయంలో జనన మరణాల రిజిస్టరు నకలు, నగరపాలక సంస్థ ఇంటిపన్ను పత్రం, పాత కిరాయి చీటీ, మిల్లు ఉద్యోగ పత్రాలు నివాసానికి ఆధారాలు కాగలవు. ఇంటి అటక మీద రేకు పెట్టెలో పాత మిల్లు పాసు ఉంటే దాన్ని పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వవద్దు.

రెండవ చిక్కు పేర్లది. తెలుగు ఇంటిపేరు మరాఠీ గుమాస్తా చెవిన పడి ఒక్కో దస్తావేజులో ఒక్కో రూపం ధరించింది. ‘కొండ’ ఒకచోట ‘కోండా’ అయి ఉండవచ్చు. తండ్రి పేరు నడిమి పేరుగా రాసే ఇక్కడి పద్ధతిలో ‘రాజయ్య’ ఒక తరంలో ‘రాజయ్యా’, మరో తరంలో ‘రాజన్నా’ అయి ఉండవచ్చు. కులం గడిలో ఒక తరానికి ‘తెలంగి’ అని, మరో తరానికి ‘సాళి’ అని, ఆపై తరానికి ‘పద్మశాలి’ అని రాసి ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. అధికారి వీటిని చూసి ముగ్గురూ వేరు వేరు మనుషులని అనుమానించడం ఆయన విధి. ఆ అనుమానాన్ని వంశవృక్షంతో, ప్రమాణ పత్రంతో, తరానికొక దస్తావేజుతో తీర్చడం కుటుంబం విధి. కొత్తగా బడిలో చేర్చే పిల్లలకైనా ఇంటిపేరు, కులం అన్ని చోట్లా ఒకే వర్ణక్రమంతో రాయిస్తే రాబోయే తరానికి ఈ బాధ ఉండదు. పదవ తరగతి బోర్డు దరఖాస్తు వెళ్లకముందే దిద్దుబాటు సులభం. తరువాత అది నెలల పని.

వైధతాపత్రం జిల్లా కుల పరిశీలన సమితి ఇస్తుంది. పదకొండు, పన్నెండు తరగతులలో సైన్సు చదివేవారు తమ జూనియర్ కళాశాల ద్వారానే దరఖాస్తు చేసుకోవచ్చు. సీటు వచ్చేదాకా ఆగనవసరం లేదు. తండ్రి వైపు రక్తసంబంధీకులలో ఒకరికి ఇదివరకే వైధతాపత్రం వచ్చి ఉంటే మిగిలినవారి పని చాలావరకు తేలికవుతుంది. కనుక పాలివాళ్లతో మాటలు లేని ఇళ్లు ఈ ఒక్క పనికైనా మాట కలుపుకోవడం మంచిది. కొన్ని సంవత్సరాలలో దరఖాస్తు రసీదు మీదే ప్రవేశమిచ్చి, పత్రం తేవడానికి తరువాత గడువిచ్చారు. ఆ గడువు ప్రతి ఏడూ ఉంటుందని నమ్ముకోరాదు. గడువు దాటిపోతే రిజర్వుడు సీటు చేజారుతుంది, దానితో పాటు రాయితీ కూడ. పదవ తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మొదలుపెట్టిన కుటుంబానికి రెండేళ్ల వ్యవధి ఉంటుంది. పన్నెండవ తరగతి ఫలితాల తరువాత మొదలుపెట్టిన కుటుంబానికి కొన్ని వారాలే.

1967 తరువాత వచ్చిన కుటుంబాల మాటేమిటి? తెలంగాణలో పొందిన బీసీ ధ్రువపత్రం మహారాష్ట్ర పథకాలకు చెల్లదు. డొమిసైల్ ఉండి, ఆదాయం పరిమితికి లోబడి ఉంటే ఆర్థికంగా వెనుకబడినవారి కోసం ఉన్న రాజర్షి ఛత్రపతి శాహూ మహారాజ్ శిక్షణ శుల్క పథకం దారి పరిశీలించుకోవచ్చు. ఎటూ కాకుండా పోయామన్న నిస్పృహతో దరఖాస్తే చేయకపోవడం తొందరపాటు.

షోలాపూర్ తెలుగు ఇళ్లలో మరొక ఆనవాయితీ ఉన్నది. పదవ తరగతి కాగానే పిల్లను హైదరాబాదులో మేనమామ ఇంట ఉంచి ఇంటర్మీడియట్ చదివించడం. కోచింగు బాగుంటుందన్న నమ్మకం దాని వెనుక ఉన్నది. అయితే వైద్యవిద్యలో మహారాష్ట్ర రాష్ట్ర కోటా సీటుకు పదవ, పన్నెండవ తరగతులు రెండూ మహారాష్ట్రలో ఉత్తీర్ణులై ఉండాలి. ఇంజినీరింగులో తల్లిదండ్రుల డొమిసైల్ వల్ల కొంత వెసులుబాటు ఉన్నా, వైద్యం వైపు చూసే పిల్లకు ఆ రెండేళ్ల హైదరాబాదు వాసం ఇక్కడి తలుపు మూస్తుంది. అక్కడి తలుపు తెరుచుకుంటుందా అంటే, తెలంగాణలో స్థానికత లెక్కకు అక్కడ చదివిన సంవత్సరాలే ఆధారం. రెండేళ్లు దానికి చాలవు. రెండు రాష్ట్రాల మధ్య పిల్ల ఎవరికీ స్థానికురాలు కాకుండా మిగిలిపోతుంది. కోచింగు ఫీజు కట్టే ముందు ఆలోచించవలసిన విషయమిది.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం వేరు. తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉండాలి. దరఖాస్తు జాతీయ ఉపకారవేతనాల పోర్టల్‌లో. పదకొండు, పన్నెండు తరగతులకు ఏడాదికి 3,000 రూపాయలు, ఐటీఐ, పాలిటెక్నిక్, సాధారణ డిగ్రీలకు 6,000 రూపాయలు, ఇంజినీరింగు, వైద్యం వంటి వృత్తివిద్యకు 25,000 రూపాయలు. మరోచోట ఉపకారవేతనం పొందుతున్న విద్యార్థికి ఇది దొరకదు కనుక, రెంటిలో ఏది ఎక్కువో లెక్కవేసి ఒకటే ఎంచుకోవాలి. పదకొండు, పన్నెండులలో మాత్రం వృత్తివిద్య రాయితీ ప్రశ్నే రాదు. ఆ రెండేళ్ల 3,000 రూపాయలు వదులుకోవడానికి కారణమేమీ లేదు. కార్డు అత్తగారి పేరిట ఉండి బీడీలు కోడలు చుట్టే ఇళ్లలో ఈ హక్కు పోతుంది. కోడలి పేరిట కార్డు అడగాలి.

చివరగా రెన్యూవల్. మహాడీబీటీ పోర్టల్‌లో మొదటి ఏడాది చేసిన దరఖాస్తు నాలుగేళ్లకూ సరిపోదు. ప్రతి ఏడూ తిరిగి నింపాలి. మొదటి ఏడాది తండ్రి పని మానుకుని తహసీలు చుట్టూ తిరుగుతాడు. రెండవ ఏడాది, అయిపోయింది కదా అనుకుంటాడు. చదువు ఆగిపోయే ప్రమాదం అక్కడ ఎక్కువ, అందులోనూ ఆడపిల్లల విషయంలో. రుసుము బకాయి పడిందన్న కబురు, సంబంధం వచ్చిందన్న కబురు ఒకే నెలలో వస్తే ఇంట్లో ఏ మాట నెగ్గుతుందో అందరికీ తెలుసు. ఒక తరగతి తప్పితే పై తరగతికి వెళ్లేవరకు సాయం నిలిచిపోవచ్చు. మళ్లీ వెళ్లిన తరువాత దరఖాస్తు చేయడానికి సంకోచపడనక్కరలేదు.

విద్యార్థికి జమ అయ్యే డబ్బు ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. బడిలో చదివేటప్పుడు తెరిచి మరచిపోయిన ఖాతాకు ఆధార్ ముడిపడి ఉంటే ఆ సొమ్ము అక్కడికే పోతుంది. ఖాతా నిలిచిపోయి ఉంటే తిరిగి వెళ్లిపోతుంది. దరఖాస్తు నింపే వారంలోనే బ్యాంకుకు వెళ్లి ఏ ఖాతాకు ఆధార్ ముడిపడి ఉన్నదో చూసుకోవాలి. దరఖాస్తులో ఇచ్చిన మొబైల్ నంబరు ఇంట్లోనే ఉండాలి. ఇంటర్‌నెట్ కేంద్రం నడిపే అబ్బాయి నంబరు ఇస్తే, లోపం సరిదిద్దమని వచ్చే సందేశం అతనికే అందుతుంది.